పసుపు కింది గీత

పద్నాలుగేళ్లుగా నాకొక సందేహం. ఆ రోజు సంతకం పెట్టి నా భార్యను కాపాడుకున్నానా, చెడగొట్టుకున్నానా?

వెంకటనర్సమ్మకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. కడుపునొప్పి అని ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోతే, గర్భసంచి తీయకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు. తెల్ల రేషన్ కార్డు మీద ఉచితమన్నారు. వీరభద్రస్వామిని తలచుకుని సంతకం పెట్టాను. ఇప్పుడామె నలభై మూడేళ్లకే మోకాళ్లు పట్టుకుని లేస్తుంది. "నిజంగనే తీసెయ్యాల్సి ఉండెనా?" అని ఏడాదికోసారైనా అడుగుతుంది.

మా అన్న బిడ్డ నీరజ జనగామలో గది అద్దెకు తీసుకుని, స్నేహితులతో కలిసి పాడ్‌కాస్ట్ నడుపుతుంది. వైద్యం వెనక ఉన్న రాజకీయం, డబ్బు గురించి మాట్లాడతారు. ఎర్రజెండా పిల్లలని ఊళ్లో అంటారు. నేను దేవుణ్ని నమ్మేవాణ్ని. అయినా పొద్దున దీపం పెట్టాక ఫోనులో వింటాను. ఒకరోజు నీరజ అంటోంది: "ఒక్కో ఆపరేషన్‌కు సర్కారు ఇంత అని రేటు కట్టినంక, ఆ దవాఖానకు మనిషి కనపడదు, రేటు కనపడుతది. మన పల్లెల్ల ముప్పై ఏండ్లు నిండని ఆడోళ్ల గర్భసంచులు గట్లనే పోయినయి."

వెనక నిలబడి వెంకటనర్సమ్మ కూడా విన్నది.

"పోయి అడుగు" అంది. అంతే.

దేవుడి అరలోంచి డిశ్చార్జి కాగితం తీసుకుని, కురవి నుంచి మానుకోటకు వచ్చి రైలెక్కాను.

జనగామ గదిలో ఫ్యాను ఆపి, కిటికీకి బొంత కట్టి రికార్డు చేస్తున్నారు. ఆ రోజు మాట్లాడటానికి భూపాలపల్లి నుంచి షారోన్ డాక్టరమ్మ వచ్చింది. నీరజ నా ముందు మైకు పెట్టింది.

"చిన్నబాపూ, మీరు మోసపోయిన తీరు చెప్పుండ్రి. జనం వినాలె."

"మోసపోయిన్నో లేదో తెలుసుకుందామనే వచ్చిన బిడ్డా."

"గిది మీ ఒక్కరి సంగతి కాదు. లాభం కోసం నడిచే వ్యవస్థనే గిట్ల..."

"ఒప్పుకుంట. కని ఇంటికి పోయి మీ చిన్నమ్మకు ఏం జెప్పాలె? వ్యవస్థ అని చెప్పాల్నా?"

షారోన్ కాగితం అడిగి తీసుకుంది. వెలుతురుకు పట్టి చూసింది.

"తీసిన సంచిని పరీక్ష చేస్తే ఏం తేలిందో ఈ గీత మీద రాసి ఉంటరు. గిదేందన్నా, పసుపా?"

మా ఇంటికి పాసుపుస్తకం వచ్చినా, పిల్లల మార్కుల కాగితం వచ్చినా దేవుడి ముందు పెట్టి పసుపు కుంకుమ అద్దుతాం. భార్య ప్రాణాలతో ఇంటికొచ్చిందని ఆ రోజు ఇంకా దట్టంగా అద్దాను. దాని మీద పద్నాలుగేళ్ల దీపం నూనె. సరిగ్గా ఆ గీత మీదనే; ఒక్క అక్షరం కనపడటం లేదు.

"ఆ దవాఖాన్ల అడుగరాదు?" అంది షారోన్.

"ఎప్పుడో మూసిండ్రు. ఇప్పుడది ఫంక్షన్ హాలు."

నీరజ తల పట్టుకుంది. "మా చిన్నబాపు సాక్ష్యానికే బొట్టు పెట్టిండు!"

నాకు నవ్వు రాలేదు. స్వామి ముందు పెట్టడమే తప్పయిందా? ఆ మాట ఎవరిని అడగాలి?

షారోన్ కాగితం తిరగేసింది. వెనక నా చేతిరాత: 'లక్ష్మా, గూడూరు, రక్తం ఒక బాటిల్.' కింద ఫోను నంబరు. ఆపరేషన్ నాడు రక్తం కావాలంటే పక్క మంచం మోతీబాయి భర్త లక్ష్మా ఇచ్చాడు. మీకు అవసరమైనప్పుడు నేనిస్తానని మాటిచ్చి, మళ్లీ మొహం చూపించలేదు.

అక్కడి నుంచే ఫోను చేశాను.

"కురవి అన్ననా! బతికే ఉన్నవా?" అన్నాడు లక్ష్మా. "వదినె మంచిగున్నదా?"

"ఉన్నది. నీకు రక్తం బాకీ ఉన్న తమ్మీ."

"నాకిప్పుడు ఎందుకే? మా తండా నుంచి కాన్పుకు పోయేటోళ్లకు ఇచ్చేటోళ్లే దొరుకుతలేరు. మానుకోటల రక్తం బ్యాంకుల ఇయ్యి. నాకిచ్చినట్టే."

ఇంటికొచ్చి వెంకటనర్సమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నా కడుపు సంగతి గూడ దేవునికే అద్దినవా?" అంది.

తెల్లారి నాతోపాటు తనూ మానుకోటకు వచ్చింది. రక్తం బ్యాంకులో నర్సు సూది పట్టుకుని అడిగింది: "ఎవరి కోసమన్నా?"

"గూడూరు లక్ష్మా" అన్నాను.

అంతసేపూ వెంకటనర్సమ్మ గుమ్మం దగ్గర బల్ల మీద మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చుంది. నేను బయటికి రాగానే నా జేబులోంచి కాగితం తీసి, నర్సు దగ్గర పెన్ను అడిగి, వెనక ఉన్న లక్ష్మా పేరు కొట్టేసింది.