మొదటి గుప్పెడు

విత్తనానికి దాచిన మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాను. కొన గింజలు కోళ్ళకి, నడిమివి విత్తనానికి. పక్కన చాప మీద నా కూతురు అపొండి పడుకుని ఉంది. కంకి ఒలిచినప్పుడల్లా దాని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తున్నాను. మలేరియా అని నర్సు మాత్రలిచ్చింది, తగ్గుతుందంది. ఇంకా తగ్గలేదు. సరస్సు మీద నుంచి వాన వచ్చి పోయింది. ఊరంతా విత్తుతోంది, మా వాకిలి తప్ప.

"ఇంకా ఒలవడమేనా వదినా?" మరిది ఒండితి గుమ్మంలో నిలబడ్డాడు. "అన్న పోయి ఏడాది తిరిగింది. నన్ను లోపలికి రానిస్తే నువ్వు విత్తుతావు, నువ్వు విత్తితే నేను విత్తుతాను. నీ మూలంగా నా పొలం కూడా ఎండాలా?"

లోపలికి రానివ్వడమంటే ఒక రాత్రి అతను నా ఇంట్లో పడుకోవడం. పెద్దకొడుకు ఇంటివాళ్ళు మొదట విత్తాలి, చిన్నవాళ్ళు తర్వాత. మొగుడు పోయిన ఆడది మరిదిని రానిచ్చాకే విత్తాలి. కాదంటే చిరా పట్టుకుంటుంది. ఆ శాపం ముందు పిల్లల్నే పట్టుకుంటుందని మా అత్త రోస్‌బెల్లా రోజూ గుర్తు చేస్తుంది.

"ఇద్దరు పెళ్ళాలున్నవాణ్ణి, మూడో పొయ్యి నాకు బరువా?" అని నవ్వాడు ఒండితి.

పొయ్యి నాది, కట్టెలు నావి, పిండి నాది, నువ్వు తెచ్చేది ఆకలే కదా అనుకుంటూ ఇంకో కంకి అందుకున్నాను.

అతను వెళ్ళాక అత్త వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. "ఒప్పుకో కోడలా. మీ మామ పోయినప్పుడు నేను ఒప్పుకోలేదూ?"

"అప్పుడు నీ మనసు ఎలా ఉండింది అత్తా?"

"మనసా? మర్నాడు కట్టెలకి వెళ్ళాను."

నా భర్త ఒగుటు కిసుము పట్నంలో లారీ నడిపేవాడు. మంచివాడు, ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. వచ్చినప్పుడల్లా పేపర్లో చుట్టిన రొట్టె తెచ్చేవాడు. ఇంటి ముందుకొచ్చి దగ్గేవాడు, ఆ దగ్గు కోసం ఇప్పటికీ చెవి అటే పోతుంది. విత్తే రోజుకి తప్పకుండా వచ్చేవాడు. ప్యాంటు మడిచి, మొదటి సాల్లో గుప్పెడు గింజలు వేసి, చేతులు దులుపుకుని, టీ తాగి బస్సెక్కేవాడు. మిగతా పొలం నేను విత్తేదాన్ని, పిల్లని వీపుకి కట్టుకుని. కలుపు తీసేదాన్ని, కోతుల్ని తోలేదాన్ని, కోసి నెత్తిన మోసేదాన్ని. చుట్టాలొస్తే మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద విరుస్తూ "తినండి, నా చేతి పంట" అనేవాడు. నేను అతని కంచంలో ఇంకో చేప వేసేదాన్ని. శవం దగ్గర ఆడవాళ్ళు "ఇక ఈ పొలం చూసేదెవరు నాయనా" అని ఏడిస్తే నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే నా అరచేతులు చూసుకున్నాను.

నాకు భయం ఎక్కువ. కుక్క ఊళపెడితే ఎవరో పోయారనుకుంటాను. పిల్ల తుమ్మితే దాని చావు దాకా వెళ్ళిపోతుంది ఆలోచన. అయిదో తరగతి చదువుతో చిరా లేదని వాదించలేను. ఉందేమో. కానీ తన చిన్నాన్న కొడుకు పోతే అతని భార్యనీ ఒండితి ఇలాగే చేరదీశాడు. ఆమె చిక్కి చిక్కి అరటిచెట్ల వెనక మట్టిలో కలిసింది, ఏ జబ్బో ఎవరూ పైకి అనలేదు. ఇక విత్తకపోతే ఎండల్లో ఖాళీ గాదె. చిరా నేను విన్న భయం. ఈ రెండూ చూసిన భయాలు.

గింజల బుట్ట చంకన పెట్టుకుని, పార తీసుకుని ఇంటి ముందున్న పొలంలోకి దిగాను.

"పిల్ల ఒళ్ళు కాలుతుంటే ఏం పనే ఇది!" అత్త గుండెలు బాదుకుంది.

"నువ్వు తడిగుడ్డ వేస్తూ ఉండు అత్తా."

ఒండితి కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అది చెల్లదు! మగాడు లేని విత్తు విత్తు కాదు!"

అపొండి వైపు చూశాను. సాలు తవ్వి మొదటి గుప్పెడు వేశాను. తర్వాత ఎప్పటి పనే.

ఎండ నడినెత్తికి రాకముందే కంచె అవతల పార చప్పుడు. ఒండితి పెద్ద భార్య బుట్టతో ముందు, అతను వెనక. నా వైపు చూడకుండా సాళ్ళు తవ్వుతున్నాడు. చిరా అంటే నాకంటే అతనికే భయం. నా విత్తు చెల్లదని నిజంగా నమ్మి ఉంటే, నా తర్వాత తన చెయ్యి నేల మీద పెట్టేవాడు కాదు.

అత్త గుమ్మంలోంచి అటు చూసింది, ఇటు చూసింది. "సాళ్ళు మరీ దగ్గరగా పెట్టావు," అంది, గుడ్డ పిండుతూ.

అపొండి నుదురు ఇంకా వెచ్చగానే ఉంది. రేపు మళ్ళీ నర్సు దగ్గరికి తీసుకెళ్తాను. జ్వరం తగ్గాక కూడా చెయ్యి వేసి చూస్తూనే ఉంటాను, ఈ భయం నన్ను వదిలేది కాదు. కానీ ఆ భయానికి తోడుగా నా ఇంట్లో ఎవరూ వచ్చి పడుకోనక్కర్లేదు.