రెండింటికి మోగిన ఎనిమిది

సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి డబ్బా కూసింది.

ఆ సమయానికి కోడలు మామగారి రిపేరు షాపులో స్టూలెక్కి, గోడకున్న గడియారాలు ఒక్కొక్కటే దించి పాత పేపర్లలో చుడుతోంది. కూత వినగానే చేతిలో గడియారం చేతిలోనే ఉండిపోయింది. ఆ కూత ఆమెకి కొత్తది కాదు, నేర్పింది ఆమే. మూడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. పొద్దున ఎనిమిదింటికోసారి, రాత్రి ఎనిమిదింటికోసారి. మధ్యలో నోరెత్తడానికి దానికి అనుమతి లేదు.

బల్ల దగ్గరున్న మామగారు తలైనా ఎత్తలేదు. అలవాటుపడిన చేత్తో సంచిలోంచి మందుల డబ్బా తీశారు. రెండో గది మూత దానంతటదే తెరుచుకుని ఉంది. అందులోని తెల్లమాత్ర తీసుకుని నీళ్ళసీసా మూత తిప్పారు.

"మామయ్యా, ఆగండాగండి! ఏంటది?"

"మాత్ర."

"ఏ మాత్ర?"

"నన్నడుగుతావేంటమ్మా? పెట్టేది నువ్వు, మోగించేది నువ్వు. మింగడమొక్కటే నా ఉద్యోగం."

"అది రాత్రి మాత్ర! ఇప్పుడు టైము రెండు!"

నోటిదాకా వెళ్ళిన చెయ్యి ఆగింది. ఆయన గోడవైపు చూశారు. ఇంకా దించని పదకొండు గడియారాలూ ఏకగ్రీవంగా రెండనే అంటున్నాయి.

"రోజూ రెండింటికేగా మోగేది," అన్నారాయన.

స్టూలు మీంచి ఎలా దిగిందో ఆమెకి తెలీదు. "రోజూనా?"

"రోజూ. డాక్టరు టైము మార్చాడేమో అనుకున్నా. నువ్వేగా చెప్పావు, టైము చూడొద్దు, మోగితే వేసుకోండి అని."

చెప్పింది. వేలు చూపించి మరీ చెప్పింది. ఆయనకి కాలి నరం లాగుతోందని డాక్టరు రెండు మాత్రలు రాశాడు. తెల్లది రాత్రే వేసుకోవాలి, మత్తొస్తుంది, అని పదిసార్లు అన్నాడు. కానీ గడియారాలు బాగుచేసే మనిషికి ఎనిమిదైందని ఒప్పించడం ఎవరి తరం? ఇంట్లో గడియారం నాలుగు నిమిషాలు ముందుందనేవారు. ఫోనులో టైముకి ముళ్ళు లేవు, దాన్ని నమ్మనేవారు. ఆ చర్చ తేలేసరికి తొమ్మిదయ్యేది. విసిగిపోయిన కోడలు, ఎప్పుడో చదివిన భౌతికశాస్త్రాన్ని అటక మీంచి దించింది. అరచేతిలో పట్టే కంట్రోలరు బోర్డు ఒకటి, టైము లెక్కపెట్టే గడియారం చిప్పు ఒకటి, కూతకో బుడ్డ స్పీకరు, మూతలకి రెండు బుల్లి మోటార్లు తెప్పించి, వీడియోలు చూస్తూ డబ్బా తయారుచేసింది. ఆ రోజునుంచి భర్త ఆమెని సైంటిస్టు అని పిలవడం మొదలుపెట్టాడు. ఆమె వద్దనలేదు. వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ డబ్బా సంగతి చెప్పింది, అడగనివాళ్ళకి కాస్త వివరంగా చెప్పింది.

ఇదంతా ఐదు వారాల కిందటి మాట. పొద్దుటి మాత్ర ఇంట్లో వేసుకుని మామగారు, ఆదివారమైనా సరే, డబ్బా సంచిలో పడేసుకుని షాపుకి వెళ్ళేవారు. రాత్రి ఎనిమిదిన్నరకి తిరిగొచ్చేవారు. రెండు గదులూ ఖాళీగా ఉండేవి. ఆమె సంతోషంగా మర్నాటికి నింపేది.

ఆ ఐదు వారాల్లోనే ఆయన పని పాడైంది. భోజనం అయ్యాక బల్లమీదే తూగిపోయేవారు. ఒకావిడ వాచీకి గంటలముల్లు నిమిషాల చోట పెట్టి పంపారు. ఇంకొకాయన వాచీలో పళ్ళచక్రం చేజారి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. పక్క కళ్ళజోళ్ళ షాపాయన కళ్ళు పరీక్షించి, కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, ఇది వయసే, అని తేల్చాడు. షాపు తనకిస్తే గోడ కొట్టి కలుపుకుంటానని కూడా తేల్చాడు. భర్త ఒప్పుకున్నాడు. మామగారు సరేనన్నారు. ఈరోజు నాలుగింటికి సంతకాలు. కోడలు సామాను సర్దడానికొచ్చింది.

ఆమె డబ్బా తిప్పి చూసింది. మొహాన ఉన్న చిన్న తెర మీద టైము 14:03. అచ్చంగా సరైనది. మరి దీనికేం పుట్టింది?

పేపరు ముక్క, పెన్సిలు తీసుకుని కూర్చుంది. పద్నాలుగు అని రాసింది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత ఒకటికీ నాలుగుకీ మధ్య గీత గీసింది.

గడియారం చిప్పు టైముని మనలా రాసుకోదు. పదుల అంకె ఒక అరలో, ఒకట్ల అంకె పక్క అరలో పెట్టుకుంటుంది. పద్నాలుగంటే ఎడమ అరలో ఒకటి, కుడి అరలో నాలుగు. చదివేవాళ్ళు ఎడమదాన్ని పదితో హెచ్చవేసి కుడిదాన్ని కలుపుకోవాలి. అది మానేసి రెండు అరలనీ ఒకే సంఖ్యగా చదివేస్తే, బోర్డు దృష్టిలో ఎడమ అర విలువ పది కాదు, పదహారు. పదహారూ నాలుగూ ఇరవై. ఇరవై అంటే రాత్రి ఎనిమిది.

పొద్దున ఎనిమిదింటికి ఎడమ అరలో ఉండేది సున్నా. సున్నాని ఎంతతో హెచ్చవేస్తేనేం? అందుకే పొద్దుటి కూత నిమిషం తప్పలేదు. ఆమె రెండు రోజులు పరీక్ష పెట్టింది కూడా ఆ కూతకే. రాత్రి కూతకి ప్రోగ్రాములో అదే వరస మళ్ళీ దించి, ఎనిమిది చెరిపి ఇరవై రాసి, చేతులు దులుపుకుంది.

అసలు దారుణం అది కాదు. మొదటిరోజు సాయంత్రం నాలుగింటికి తెర మీద ఇరవై రెండని కనబడింది. ఆమె చూసింది. నెట్‌లో వెతికితే, చూపించే వరసలో ఫలానా మాట చేరిస్తే అంకెలు సరిగ్గా కనిపిస్తాయని ఎవరో రాశారు. చేర్చింది. కనిపించాయి. పదితో హెచ్చవేసే అసలు వరస అదే పేజీలో కింద ఉంది. అంతలో వంటింట్లోంచి మాడువాసన వచ్చి లేచివెళ్ళింది. తిరిగొచ్చాక, టైము బాగానే కనిపిస్తోందిగా, ఇంకా ఆ వరసెందుకులే అనుకుంది. మొహం మీది మసి అద్దం మీద తుడిచేసి ఊరుకుంది.

"ఏమ్మా, అలా అయిపోయావేం? నీళ్ళు తాగుతావా?"

"మామయ్యా, మీకేం కాలేదు." ఆమె పేపరు ముక్క ఆయన ముందుకి జరిపింది. "పద్నాలుగుని ఇరవై చేసింది నేను. పట్టపగలు మీకు మత్తు మాత్ర పెట్టాను. ఐదు వారాలు."

ఆయన కేకలేస్తారని ఎదురుచూసింది. ఆయన రెండు చేతులూ బల్లమీద బోర్లా పెట్టి, ఎవరివో చూస్తున్నట్టు చూశారు.

"అంటే ఇవి బాగానే ఉన్నాయా?"

ఆమె తలూపింది.

"మొన్నొకావిడ సన్న వాచీ తెచ్చింది. నాకు చేతకాదమ్మా, వేరేచోట చూసుకో అని పంపేశా. నలభై ఏళ్ళలో ఆ మాట అనలేదు నేను." చేతులు తిప్పి చూసుకున్నారు. "రోజూ వీటిని తిట్టుకున్నా."

ఆమె డాక్టరుకి ఫోను చేసి జరిగింది చెప్పింది. ఆయన, ఇప్పుడది వెయ్యకండి, రాత్రి ఎనిమిదికే వెయ్యండి, రేపొచ్చి చూపించండి, అన్నాడు. చివర్లో, ఎవరమ్మా ఆ డబ్బా చేసింది, అనడిగాడు. ఆమె ఫోను పెట్టేసింది.

మామగారు గొంతు తగ్గించారు. "వాడికి చెప్పకులే. డాక్టరే టైము మార్చాడని చెబుదాం. లేకపోతే జన్మంతా నిన్ను ఏడిపిస్తాడు."

ఆమెకి ఆశ పుట్టింది. నిజంగానే పుట్టింది. కానీ అలా చెబితే, సరే మార్చాడు, సంతకం పెట్టండి అంటాడు భర్త. షాపు పోయేది ఆ మాత్రవల్లనని తెలిస్తే తప్ప షాపు నిలవదు.

నాలుగింటికి భర్త కాగితాలతో, కళ్ళజోళ్ళాయన కొలతటేపుతో వచ్చారు. కళ్ళజోళ్ళాయన కూర్చోనైనా కూర్చోకుండా టేపు లాగి గోడకి ఆనించాడు.

"ఏం సైంటిస్టూ, సగం గడియారాలు ఇంకా గోడకే ఉన్నాయేం?" అన్నాడు భర్త.

ఆమె చెప్పేసింది. నిలబడే, ఒక్క ఊపిరిలో, పేపరు ముక్క ముందుపెట్టి, పదహారూ నాలుగూ ఇరవై దాకా.

భర్త చుట్టిన గడియారాల పెట్టెమీద కూలబడ్డాడు. లోపలేదో టక్కుమంది. పట్టించుకోలేదు. "నువ్వా?" అన్నాడు. తర్వాత ఆమెని చూడటం మానేసి తండ్రిని చూశాడు. "మొన్న అంతమంది ముందు నాన్నని... నిద్రపోవడానికైతే ఇంటికి పొమ్మన్నాను."

కళ్ళజోళ్ళాయన చేతిలో టేపు పట్టుతప్పి చివ్వున లోపలికి పోయింది. "మరి... ఈ గోడా?"

"గోడకేం, గోడలాగే ఉంటుంది," అన్నారు మామగారు. "మీరు కళ్ళు బాగున్నాయని చెప్పారుగా, మీ మాట నిజమే. ఒరేయ్, నువ్వు ముందు ఆ పెట్టెమీంచి లే. మూడు గోడగడియారాల మీద కూర్చున్నావు."

భర్త లేచాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెట్టె విప్పి, స్టూలెక్కి, గడియారాలు ఒక్కొక్కటే మళ్ళీ గోడకి తగిలించడం మొదలుపెట్టాడు. అన్నీ వంకరగానే పెట్టాడు. ఎవరూ సరిచెయ్యలేదు.

కోడలు డబ్బాని చెత్తబుట్టలో పడెయ్యబోయింది. మామగారు అందుకున్నారు. సొరుగులోంచి దారం కట్టిన చీటీ తీసి, రిపేరుకొచ్చిన వాచీలకి కట్టినట్టే దాని మెడకి కట్టారు. పెన్ను తీసి, కంప్లయింటు అన్నచోట, రెండుని ఎనిమిది అంటోంది, అని గుండ్రంగా రాశారు.

"ఎప్పుడిస్తావు?" అనడిగారు.

"రేపు ఇచ్చేస్తాను మామయ్యా. ఒక్క వరసే."

"ఈ షాపులో రేపు అనకూడదు," అన్నారాయన గంభీరంగా, కంటికి భూతద్దం తగిలించుకుంటూ. "గురువారం అనాలి. ఈసారి రాత్రి కూత కూడా విన్నాకే ఇవ్వాలి."

"గురువారం," అంది ఆమె.

ఆయన రాసుకున్నారు.