దిండుకి చెవి ఆనించి

సర్తినా రోజూ చీకటితోనే లేచి సోయా గింజలు పులియబెట్టి చేసిన టెంపే ముక్కలు అరిటాకుల్లో చుట్టి, బుట్టలో సర్దుకుని, ఏడింటికల్లా సంతలో కూర్చుంటుంది. పదింటికి బుట్ట ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు టెంపే కోసం రారు. పట్నంలో ఏ హోటల్లో దిగితే మంచిదో అడగడానికి వస్తారు.

దిండుకి చెవి ఆనిస్తే, దాని మీద అంతకుముందు పడుకున్నవాళ్ళు నిద్రపట్టే ముందు ఏమనుకున్నారో సర్తినాకి వినిపిస్తుంది. బూరుగు దూది దిండయితేనే సుమా. ఫోము దిండ్లు మూగవి. గలేబు ఎన్నిసార్లు ఉతికినా ఫరవాలేదు, మాట దూదిలో ఉంటుంది. వాళ్ళమ్మకీ అలాగే వినిపించేది. తమ్ముడికి మాత్రం రాలేదు. అతనికి గురకొచ్చింది.

తెమంగుంగ్ కొండల్లో ఆ ఊరివాళ్ళు పెళ్ళి బట్టలకో, ఆసుపత్రికో సెమరాంగ్ పట్నం వెళ్ళాల్సొస్తే, చార్జీలిచ్చి ఆవిణ్ణి వెంటబెట్టుకుపోయేవారు. ఈసారి పని సొంత ఇంట్లోనే పడింది. వెనింగ్ అని, చనిపోయిన చెల్లెలి కూతురు, ముప్ఫై ఎనిమిదేళ్ళది, రెండేళ్ళుగా సర్తినా దగ్గరే ఉంటూ పొగాకు రైతుల సంఘంలో గుమాస్తా పని చేస్తోంది. సెమరాంగ్‌లో ఆమెకీ, భర్త జాత్మికోకీ కలిపి ఒక చిన్న ఇల్లుంది. పదకొండేళ్ళు అందులోనే కాపురం చేశారు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. మాట్లాడలేదు, అంతే. "గోడతో ఎన్నాళ్ళని కాపురం చెయ్యను" అని వెనింగ్ కొండకి వచ్చేసింది. అతను చిరెబోన్ రేవుకి పోయి మరపడవల ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. తాళం వేసిన ఇంటికి కరెంటు కూడా పోయింది. ఇప్పుడు కొనేవాళ్ళు దొరికారు. గురువారం పొద్దున పదింటికి నోటరీ ఆఫీసులో ఇద్దరూ సంతకాలు పెట్టాలి.

వెనింగ్ నోటుబుక్కులో నాలుగు హోటళ్ళ పేర్లు రాసుకుంది. "నోటరీ ఆఫీసుకి నడిచిపోయేంత దూరంలో, రాత్రికి రెండు లక్షల రుపియా లోపు, ఇవే తేలాయి పెద్దమ్మా."

"వాటిలో నిద్ర పడుతుందా?"

"మంచముంటే పడుతుంది."

"మంచమున్న వాళ్ళందరికీ నిద్ర పట్టేటట్టయితే నన్నెందుకే ఊరంతా తిప్పుతారు? నేనూ వస్తా పద."

బుధవారం పదకొండింటికి ఇద్దరూ సెమరాంగ్‌లో బస్సు దిగారు. కొండ మీది చలికి వేసుకున్న స్వెట్టరు సర్తినా అక్కడికక్కడే విప్పేసి సంచిలో కుక్కింది. మొదటి హోటలు గదిలో ఏసీ ఉంది, తెల్లటి దుప్పట్లున్నాయి. సర్తినా దిండు నొక్కి చూసి, "ఫోము" అని బయటికొచ్చేసింది. రెండో హోటల్లో గుమాస్తాయే చెప్పాడు, "వినాలంటే గది తెరుస్తానమ్మా, తొందరగా కానివ్వండి" అని. ఆవిడ ఓ నిమిషం పడుకుని లేచి, "వరసగా నలుగురు పడుకున్నారు. నలుగురూ ఎప్పుడు తెల్లారుతుందా అనుకున్నవాళ్ళే. నల్లులున్నట్టున్నాయి" అంది. గుమాస్తా కాదనలేదు. మూడోదాంట్లో గదులే లేవు.

"ఇంకొక్కటే మిగిలింది. దీనికీ వంక పెట్టావంటే బస్టాండులో పడుకోవాలి" అంది వెనింగ్.

"బస్టాండు బెంచీలకి దిండ్లుండవుగా. హాయిగా ఉంటుంది."

నాలుగోది కాలవ పక్క సందులో ఉంది. పేరు సెరుని. నోటరీ ఆఫీసుకి ఆరు నిమిషాల నడక. యజమానురాలు లియన్ అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని గిన్నెలో సోటో పులుసు తింటోంది. సర్తినాని చూసి చెంచా పక్కన పెట్టింది.

"మీరు వినే మనిషా అక్కా? మా అత్తగారూ వినేది. పైన మూడో గదిలో ఇంకా బూరుగు దిండ్లే ఉన్నాయి. వెళ్ళి వినండి. నచ్చితేనే ఉండండి."

ఆ గదికి స్నానాలగది వరండా చివర ఎక్కడో ఉంది. ఫ్యాను కిర్రుమంటోంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. "దీనికి లక్షా ఎనభై వేలు" అని వెనింగ్ గొణిగింది.

సర్తినా చెప్పులు విడిచి, గోడవైపు మంచమెక్కి దిండుకి చెవి ఆనించింది. ఆవిడ ముఖంలోకి నవ్వొచ్చింది. "ముసలామె. మనవల పేర్లు వరసగా చెప్పుకుంది. ఐదో పేరు దగ్గర నిద్రలోకి జారిపోయింది. ఇది మంచి దిండు."

రెండో మంచం దగ్గర చాలాసేపు పట్టింది. ఒక చెవి అయ్యాక రెండో చెవి పెట్టింది. తర్వాత లేచి కూర్చుని, వెనింగ్ వైపు చూడకుండా కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏం, నల్లులా?"

"కాదు. మగమనిషి. బళ్ళో పాఠం అప్పజెప్పేవాడిలా ఒకటే మాట మళ్ళీ మళ్ళీ వల్లె వేసుకున్నాడు." "'ఇప్పుడు కారడం లేదు వెనింగ్, పొయ్యి మీద పడటం లేదు' అని."

వెనింగ్ చేతిలో సంచి కింద పెట్టేసింది.

ఆ ఇంటి వంటగది కప్పు సరిగ్గా పొయ్యి పైనే కారేది. తొమ్మిది వానాకాలాలు ఆమె కిటికీ చువ్వకి గొడుగు కట్టి, దాని కింద అన్నం వండింది. చెప్పినప్పుడల్లా జాత్మికో తలూపేవాడు. ఊళ్ళో వాళ్ళ ఇంజన్లన్నీ బాగయ్యేవి. పదో ఏడు ఆమె చెప్పడం మానేసింది. పదకొండో ఏడు వచ్చేసింది.

ఆమె గబగబా కిందికి దిగి లియన్‌ని అడిగింది. "ఆ గదిలో ఆఖర్న ఎవరు దిగారు?"

"చిరెబోన్ నుంచి ఒకాయన. పోయిన వారం నాలుగు రోజులున్నాడు. పొద్దున్నే పోయేవాడు, సాయంత్రం ఒళ్ళంతా తారు పూసుకుని వచ్చేవాడు. నా తువ్వాలు ఒకటి పాడుచేసి, కొత్తది కొని బల్ల మీద పెట్టాడు. పెట్టి ఒక్క ముక్క చెప్పాలిగా, అహ, చెప్పలేదు. మీకు తెలిసినాయనా?"

"తెలుసనే అనుకున్నాను" అంది వెనింగ్.

మేడమీదికి వచ్చేసరికి కోపం తన్నుకొచ్చింది. "ఉన్నన్నాళ్ళూ చేతులు రాలేదు, అమ్మేసే ఇంటికి కప్పు బాగుచేశాడట. ఎవరికోసం పెద్దమ్మా?"

"నన్నడిగితే? దిండు చెప్పింది చెప్పాను. మిగతాది వాణ్ణే అడుగు."

"రేపు నోటరీ దగ్గర కనిపిస్తాడుగా."

"నోటరీ ముందు కూర్చుని వంటింటి మాటలేం అడుగుతావే."

రెండున్నరకి వాన మొదలైంది. సెమరాంగ్ వానకి తొందర లేదు, వచ్చిందంటే కూర్చుంటుంది. వెనింగ్ కొంతసేపు కిటికీలోంచి గోడని చూసి, లేచి, లియన్ గొడుగు అడిగి తీసుకుని తమ ఇంటివైపు పోయే వ్యానెక్కింది.

ఇంటి గేటుకి తాళం లేదు. వంటగది మధ్యలో జాత్మికో తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. చిరెబోన్ నుంచి పొద్దుటి రైలుకి వచ్చి, వాన కోసం కాచుక్కూర్చున్నాడు, వేసిన తారు నిలుస్తుందో లేదో చూడటానికి. వెనింగ్‌ని చూసి పొయ్యి దగ్గర చోటు వదిలి పక్కకి జరిగాడు.

"అమ్మేస్తున్నాం కదా, ఇప్పుడెందుకు వేశావు?"

"కొనేవాళ్ళూ వండుకుంటారుగా" అన్నాడు. మళ్ళీ ఒకసారి కప్పు వైపు చూసి, "అది కాదు" అన్నాడు.

వెనింగ్ ఎదురుచూసింది. పదకొండేళ్ళలో అతను అన్నమాటని తనే దిద్దుకోవడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"నువ్వడిగినప్పుడల్లా రేపు చేద్దాంలే అనుకునేవాణ్ణి. నువ్వెళ్ళిపోయాక రేపు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు." వేలికంటిన తారు గోటితో గీరుకున్నాడు. "సంతకం పెట్టేలోపు ఒక్కసారైనా నువ్వు తడవకుండా ఇక్కడ నిలబడాలనిపించింది. చెప్పడం చేతకాలేదు."

ఆమె పొయ్యి మీద అరచెయ్యి పెట్టింది. పైన రేకుల మీద వాన దడదడా కొడుతోంది. చెయ్యి పొడిగానే ఉంది.

"హోటల్లో నాలుగు రాత్రులూ వల్లె వేశావటగా."

"ఎవరు చెప్పారు?"

"పెద్దమ్మ దిండు విన్నది."

జాత్మికో చెవులు ఎర్రబడ్డాయి. "మిగతాది కూడా విన్నారా?"

"విన్నదేమో. నాకు చెప్పలేదు."

"అయితే నేనే చెప్పాలి" అన్నాడు. "కొంచెం టైం పడుతుంది."

వెనింగ్ చెప్పులు విడిచి వంటింటి గడప మీద కూర్చుంది. "వాన ఇప్పట్లో తగ్గేలా లేదు. కానియ్" అంది.

సాయంత్రం లియన్, సర్తినా కింద వరండాలో కూర్చుని వేయించిన లుంపియా చుట్టలు తింటుండగా ఫోనొచ్చింది. సర్తినా విని, "సరే" అని పెట్టేసింది. "మా అమ్మాయి రాత్రికి ఈ ఊళ్ళోనే వాళ్ళ మరిది ఇంట్లో ఉంటుందట, మొగుడితో సహా. పోయిన వారం వచ్చినట్టు ఆ తమ్ముడికి కూడా చెప్పలేదట ఆయన. రేపటి సంతకాలు లేవట." లియన్ ఇంకో లుంపియా ఆవిడ ప్లేటులో వేసింది.

గురువారం పదింటికి నోటరీ ఆఫీసుకి ఎవరూ వెళ్ళలేదు. ఇల్లు ఇవ్వడం లేదని కొనేవాళ్ళకి ఫోను చేసి చెప్పినవాడు జాత్మికోనే. ఆ ఫోనులో అతను తొమ్మిది నిమిషాలు ఏకబిగిన మాట్లాడాడని వెనింగ్ తర్వాత పెద్దమ్మతో చెప్పింది. చిరెబోన్‌లో పని నెలాఖరుకి మానుకుని వస్తాడట. వెనింగ్ సంఘానికి సెలవు చీటీ రాసింది. ఉద్యోగం వదిలే చీటీ కాదు, సెలవు చీటీయే. చూద్దాం అనుకుంది.

ఇద్దరూ సర్తినాని బస్సెక్కించడానికి వచ్చారు. బస్సు ఎంతకీ కదలదు. కిటికీ పక్కన నిలబడి జాత్మికో, "ఇంజను చప్పుడు బాగాలేదు పెద్దమ్మా, ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పుతుంది, భయపడకండి" అని మొదలుపెట్టి, ఎందుకు రొప్పుతుందో, ఏం బిగిస్తే తగ్గుతుందో చెబుతూనే ఉన్నాడు. బస్సు కదిలినా పక్కనే నడుస్తూ చెప్పాడు. వెనింగ్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. పక్క సీటు ఖాళీగా ఉంది. సర్తినా దాని మీద సంచి పెట్టుకుంది.

ఆ రాత్రి ఇంట్లో ఆవిడ అలవాటుగా ఇద్దరికి సరిపడా బియ్యం పోసేసింది. ఉడికాక చూసుకుంది. మర్నాడు పొద్దునా, సాయంత్రమూ కూడా అదే అన్నం తిన్నది. విసుక్కోలేదు.