తగ్గుతుందనుకున్న వెలుగు

బస్సు డిపోలో ఆయన్ని అందరూ డిప్పరు అనేవారు. ఎదురుగా లారీ వచ్చినా సైకిలు వచ్చినా, ఆఖరికి టార్చిలైటు పట్టుకుని ఎవరైనా నడిచి వచ్చినా సరే, డిప్పరు మీట నొక్కి హెడ్‌లైటు కిందికి దించకుండా దాటిపోయేవారు కాదు. "ఎదుటివాడి కళ్ళు కూడా మన బండి సామానే. అవి చెడితే వాడొచ్చి గుద్దేది మన బండినే" అని కొత్త డ్రైవర్లకు చెప్పేవారు. వాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. పేరు మాత్రం అలాగే స్థిరపడిపోయింది. పదవీ విరమణ అయ్యాక కూడా పాత స్నేహితులు ఫోన్ చేస్తే "ఏం డిప్పరూ, కులాసానా" అనే మొదలుపెట్టేవాళ్ళు.

భార్య పోయినప్పటి నుంచి ఆయన కొడుకూ కోడలితోనే ఉంటున్నారు. కొడుకు కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. కోడలు పశువుల డాక్టరు. ఈనలేక అవస్థ పడే ఆవు దగ్గర్నుంచి గిట్ట పుచ్చిన గొర్రె దాకా చుట్టుపక్కల పాకలన్నిటికీ ఆమే దిక్కు. చలికాలంలో పని ముగించుకుని బయలుదేరేసరికే పొద్దుగూకిపోయేది. తోడుంటానన్న వంకతో మామగారు పక్కసీట్లో ఎక్కి కూర్చునేవారు. ఆమెకూ అది ఇష్టమే. ఆయన బస్సు కబుర్లు మొదలుపెడితే దారి ఎలా గడిచిందో తెలిసేది కాదు.

పాత కారు మాటిమాటికీ మొరాయిస్తోందని కొత్తది కొన్నారు. మొదటి వారంలోనే ఒక సాయంత్రం, పొలాల మధ్య రోడ్డు మీద ఎదురుగా వ్యాను వస్తుంటే హెడ్‌లైటు దానంతటదే దిగింది. వ్యాను దాటిపోగానే మళ్ళీ లేచి, దూరంగా ఉన్న కంచె దాకా వెలుగు పరిచింది. మామగారు నిటారుగా కూర్చున్నారు.

"అమ్మా, నువ్వేమీ నొక్కలేదు కదా?"

"లేదు మామయ్యా. అదే దించుకుంది."

"దానికెవరు చెప్పారట?"

కోడలు నవ్వి, లోపలి అద్దం వెనక ముందుగాజుకు అంటుకుని ఉన్న నల్లటి డబ్బీని వేలితో చూపించింది. "ఇందులో కెమెరా ఉంది. ఎప్పుడూ రోడ్డునే చూస్తుంటుంది. చీకట్లో దానికి చెట్టూ పుట్టా అక్కర్లేదు, వెలుగు చుక్కలు కావాలి. తెల్లచుక్కలు పెద్దవవుతూ దగ్గరికొస్తుంటే ఎదురుగా బండి వస్తున్నట్టు. ఎర్రచుక్కలు కనపడితే ముందు ఒక బండి పోతున్నట్టు. రెండింటికీ లైటు దించేస్తుంది. ఎదర ఏమీ లేకపోతే ఎత్తేస్తుంది."

"మరి వీధిదీపం చూసి బండి అనుకుంటే?"

"వీధిదీపాలు పైన ఉంటాయి, వరసగా ఉంటాయి. వాటిని చూస్తే ఊరొచ్చిందనుకుని దించే ఉంచుతుంది. మెల్లగా పోతున్నా అంతే."

"రోడ్డు పక్క బోర్డు మీద మన వెలుగే పడి మెరిస్తే?"

"అప్పుడప్పుడూ దానికి మోసపోతుంది. మనిషే మోసపోతాడు, అదెంత మామయ్యా."

ఆయనకు అది భలే నచ్చింది. తర్వాత చాలా రోజులు పక్కసీట్లో కూర్చుని ఆ డబ్బీకి పరీక్షలు పెట్టారు. ట్రాక్టరు ఒంటికన్ను దీపాన్ని పట్టుకుంటే "శభాష్" అన్నారు. గాజు మీద మంచు పేరుకుని అది చేతులెత్తేసినప్పుడు జాలిపడ్డారు. అయితే ఆయనకు ఒక లోటు కనిపిస్తూనే ఉండేది. మిట్ట ఎక్కేటప్పుడు అవతలి వైపు బండి ఉందంటే, ఆకాశంలో లేస్తున్న కాంతి చూసి ఆయన ముందుగానే లైటు దించేవారు. ఈ కారు మాత్రం ఎదుటి దీపం కంటపడేదాకా ఆగుతుంది.

"అప్పటికే వాడి కళ్ళలో కొట్టేసి ఉంటాం" అన్నారు.

"రెప్పపాటే కదా మామయ్యా."

మాట తేడా వచ్చింది ఆ తర్వాత. ఆ రోజు ఆమె మధ్యాహ్నమంతా ఒక పాకలో ఆవుతో పెనుగులాడింది. దూడ అడ్డం తిరిగి ఇరుక్కుంది. భుజం దాకా చెయ్యి పెట్టి తిప్పినా చివరికి తల్లి దక్కింది గానీ దూడ దక్కలేదు. తిరిగి వస్తుంటే రోడ్డు వారగా ఒక ముసలావిడ నడిచి వస్తోంది. కారు వెలుగు నేరుగా మొహాన కొట్టేసరికి ఆవిడ మోచేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"దించమ్మా" అన్నారు మామగారు.

"ఆవిడ దగ్గర దీపం లేదు మామయ్యా. అందుకే కెమెరాకి తెలియలేదు."

"దానికి తెలియదు, సరే. నీకు కనపడింది కదా?"

ఆ అడగడంలో కోపం లేదు. కానీ ఆమెకు అది తప్పుపట్టినట్టే వినిపించింది. "పొద్దుట్నుంచీ చేతులు పడిపోయేలా పనిచేసి వస్తున్నాను. ఈ ఒక్క పనైనా దాన్ని చేసుకోనివ్వండి. నేను మీ డిపోలో కొత్త డ్రైవర్ని కాదు" అంది.

మర్నాడు ఆమె తాళాలు తీసుకుంటుంటే ఆయన మోకాలు నొప్పిగా ఉందన్నారు. ఆ మర్నాడు కూడా అదే మాట. ఆయనొచ్చి ఒకసారి "పద" అంటే చాలని ఆమె అనుకుంది. ఆమె ఒక్కసారి "రండి మామయ్యా" అంటే చాలని ఆయన అనుకున్నారు. ఇంట్లో మాటలు ఆగిపోలేదు. నీళ్ళు పెట్టమంటే పెట్టింది, మందులు వేసుకున్నారా అంటే వేసుకున్నానన్నారు. అంతకు మించి ఎవరూ ముందుకు రాలేదు. కొడుకు గమనించాడు గానీ, వాళ్ళే సర్దుకుంటారులే అని ఊరుకున్నాడు.

ఆదివారం ఆయన కారు తీసుకుని, కాలు జారి పడి మంచం పట్టిన పాత కండక్టరును చూసి రావడానికి వెళ్ళారు. వచ్చేటప్పటికి చీకటి పడింది. స్టీరింగు పక్క కాడ చివర ఒక చిన్న బటను ఉంటుంది. అది నొక్కితే కెమెరా పెత్తనం పోయి, లైటు మళ్ళీ చేతి కిందికి వస్తుంది. ఆయన దాన్ని నొక్కారు. ఇల్లు చేరేదాకా ప్రతి బండికీ, ప్రతి సైకిలుకూ, రోడ్డు దాటుతున్న కుక్కకూ లైటు దించుతూ ఎత్తుతూ వచ్చారు. చాలా రోజుల తర్వాత ఆయనకు మనసు తేలికపడింది.

ఇంటికొచ్చి తాళాలు కొక్కేనికి తగిలించారు. కోడలు వంటింట్లో అటు తిరిగి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. బటను సంగతి చెబుదామని గుమ్మం దాకా వెళ్ళారు. చెబితే మొన్నటి మాట మళ్ళీ మొదటికొస్తుందేమో అనిపించింది. పొద్దున చెప్పొచ్చులే అనుకున్నారు. పొద్దున ఆయన లేచేసరికి ఆమె వెళ్ళిపోయింది. లైటు ఆటోమేటిక్‌గా ఉన్నప్పుడు డాష్‌బోర్డు మీద పచ్చటి అక్షరం ఒకటి వెలుగుతుంది. అది లేకపోతే ఆమె చూసుకోకపోతుందా అని సర్దిచెప్పుకున్నారు.

ఆమె చూసుకోలేదు. సాయంత్రం చీకటి పడుతుండగా ఎప్పటిలాగే కాడను ముందుకు తోసి బయలుదేరింది. వెలుగు దూరంగా పరుచుకుంది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి అలాగే ఉండాలి కూడా. రేపు మళ్ళీ చూడాల్సిన ఆవు జ్వరం గురించి ఆలోచిస్తూ నడుపుతోంది. చెరుకు తోటల దగ్గర రోడ్డు తిన్నగా ఉన్నచోట ఒంటి దీపం ఒకటి కనిపించింది. మోటారుసైకిలు.

ఆమె దాన్ని చూసింది. స్పష్టంగా చూసింది. ఇప్పుడు దిగుతుంది అనుకుంది. లైటు దిగలేదు. ఎదుటి దీపం ఒకసారి ఆరి వెలిగింది. ఒక్కోసారి కెమెరాకు పోల్చుకోవడం ఆలస్యమవుతుందని ఆమెకు తెలుసు. ఇంకాస్త ఆగింది. దీపం మళ్ళీ ఆరి వెలిగింది. ఆమె చెయ్యి కాడ మీదికి వెళ్ళేలోపే ఆ వెలుగు పక్కకు ఒరిగి, కిందికి పోయి, కనపడకుండా పోయింది.

కారాపి పరుగెత్తింది. మోటారుసైకిలు కాలవ గట్టు కింద రాళ్ళ మీద పడి ఉంది. దాని కింద ఒక కరెంటు లైన్‌మన్. నడుముకు పనిముట్ల బెల్టు ఇంకా కట్టుకునే ఉన్నాడు. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆమె సంచిలో ఉన్న కట్లతో, దూడ కాలికి వాడే చెక్కతో కాలు కదలకుండా కట్టింది. అంబులెన్సు వచ్చేదాకా అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"లైటు కొట్టాను. దించుతారనుకున్నాను" అన్నాడతను, పళ్ళు బిగించి.



పోలీసుస్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు రాసుకుంటూ అడిగాడు. "లైటు ఎందుకు దించలేదు?"

"అది ఆటోమేటిక్ సార్. దానంతటదే దిగాలి."

ఇన్‌స్పెక్టరు తలెత్తి చూశాడు. "లైసెన్సు మీకిచ్చామా అమ్మా, దానికిచ్చామా?"

కారును సర్వీసుకు పంపారు. కెమెరాలో లోపం ఉందని తేలాలని ఆమె లోలోపల కోరుకుంది. అక్కడి మెకానిక్ గాజు తుడిచాడు, తీగలు పెట్టి పరీక్షించాడు, చీకటి పడ్డాక రోడ్డు మీదికి తీసుకెళ్ళి నడిపి చూశాడు. "దీనికి ఏ జబ్బూ లేదు మేడమ్. ఆటో బటను ఆపేసి ఉంది. ఆపేస్తే మామూలు కారే, మీరు దించితేనే దిగుతుంది" అన్నాడు.

ఇంటికొచ్చి భర్తను అడిగింది. "మీరేమైనా నొక్కారా?"

"నేను కారు ముట్టుకుని నెలయింది" అన్నాడతను.

మామగారు భోజనం ముందు కూర్చున్నారు. అన్నంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. "నేనేనమ్మా" అన్నారు. "ఆదివారం నొక్కాను. చెబుదామనే అనుకున్నాను."

కొడుకు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "ఒక్క మాట నాన్నా. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"మీరు ఊరుకోండి" అందామె. ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఆయన నొక్కింది ఆదివారం. అతను నాకు లైటు కొట్టింది సోమవారం. రెండుసార్లు కొట్టాడు. చూస్తూ కూర్చున్నాను."

ఆ రాత్రి ఎవరూ తినలేదు.

కొన్నాళ్ళకు మామా కోడలూ ఇద్దరూ కలిసి ఆస్పత్రికి వెళ్ళారు. లైన్‌మన్ కాలికి ఇనుప కడ్డీలు వేసి ఉన్నాయి. పక్కనే అతని భార్య ఉంది. మామగారు దాచకుండా మొత్తం చెప్పారు. పాకలో పోయిన దూడ, రోడ్డు మీద ముసలావిడ, పంతం, బటను, వంటింటి గుమ్మం, అన్నీ. చెప్తున్నంతసేపూ కోడలు మంచం కడ్డీ పట్టుకుని తల దించుకుని నిలబడింది.

లైన్‌మన్ చివరిదాకా విన్నాడు. తిట్టలేదు. అర్థం కాని లెక్క ఎవరో చెప్పినట్టు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అంటే, ఒకే ఇంట్లో ఉండి మీరిద్దరూ మాట్లాడుకోలేదని నా కాలు విరిగిందన్నమాట."



"ఇంక వెళ్ళండి" అంది లైన్‌మన్ భార్య. "ఆయన పడుకోవాలి."

కేసు నడిచింది. కోడలు తప్పు ఒప్పుకుంది. ఆమె లైసెన్సును కొంతకాలం ఆపేశారు. పశువులకు మాత్రం జబ్బులు ఆగవు కదా. అందుకని ఆ కాలమంతా మామగారే కారు నడిపారు. ఆమె పక్కసీట్లో మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. బటను ఆపేశాననో, వేశాననో ఎక్కిన ప్రతిసారీ ఆయన పైకి చెప్పేవారు. ఆమె "సరే మామయ్యా" అనేది. ఒకసారి ఆయన బస్సు కబురు ఒకటి మొదలుపెట్టారు, ఒక పెళ్ళివారి మేకపిల్ల బస్సులో తప్పిపోయిన కథ. అది ఆమె ఇదివరకు పడీపడీ నవ్విన కథ. ఇప్పుడూ నవ్వడానికి ప్రయత్నించింది. అది ఆయనకు తెలిసిపోయింది. సగంలో ఆపేసి, "తర్వాత నీకు తెలిసిందేగా" అన్నారు.

లైసెన్సు తిరిగొచ్చాక ఆమె తాళాలు తీసుకుని, "రండి మామయ్యా" అని పిలిచింది. వచ్చారు. పిలిచినప్పుడల్లా వచ్చారు. కానీ పిలవకుండా, వంక పెట్టుకుని ఎక్కి కూర్చునే ఆ మనిషి మళ్ళీ రాలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆమె ఒంటరిగా గొర్రెల పాకకు వెళుతోంది. గాలివానకు తీగలు తెగి రోడ్డుకు అడ్డంగా పడితే బండ్లు ఆపేశారు. స్తంభం పైన ఒకతను పనిచేస్తున్నాడు. కింద చేతికర్ర మీద ఆనుకుని లైన్‌మన్ నిలబడి ఉన్నాడు. తల పైకెత్తి, ఏ తీగ ముందు విప్పాలో అరిచి చెబుతున్నాడు. పైనున్నవాడు తడబడినప్పుడల్లా అతని కుడిచెయ్యి తెలియకుండానే గాల్లోకి లేచి, లేని బోల్టును తిప్పుతోంది.

ఆమె కారు దిగింది. అతని వైపు రెండడుగులు వేసింది. అతను తల తిప్పి చూశాడు, పోల్చుకున్నాడు.

"అక్కడే ఉండండి డాక్టరమ్మా. కింద పడ్డ తీగలో కరెంటు ఉందో లేదో ఇంకా చూడలేదు" అన్నాడు.

మళ్ళీ పైకి చూశాడు. ఆమె వానలో అక్కడే నిలబడింది. దారి ఇచ్చాక కూడా కాసేపు కదల్లేదు. వెనక బండివాళ్ళు హారన్ కొట్టారు.