నాలుగు విండోలు, ఒక్క బరువు

ఫిలిప్పీన్స్‌లోని ఇలొయ్‌లో ఊళ్ళో ఆ పిల్లల వార్డుకు నెరిస్సా వచ్చింది ప్రింటర్ బాగుచేయడానికి. పిల్లల బరువును బట్టి మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాం రాసింది ఆమే. అది వార్డులో వాడకానికి వచ్చింది ఇవాళే.

"ఇందాయ్, అమ్మాయీ, ఆ విండోలు మూసేవు సుమా!" అంది హెడ్ నర్సు ఫెలిసిదాద్, అతికష్టం మీద బయటికొచ్చిన మొదటి చీటీ చింపుకుంటూ. "ఈ డొక్కు కంప్యూటర్లో ఒకటి మూస్తే మళ్ళీ తెరుచుకోవడం మా ఆయన పొద్దున నిద్ర లేచినట్టే. అరగంట! అందుకే నలుగురు పిల్లలవీ ఒకేసారి తెరిచి పెట్టుకున్నా."

"మూయన్లెండి. మీరు మాత్రం మళ్ళీ చేతిలెక్కలు వేయడం లేదు కదా, మనాంగ్?" అంది నెరిస్సా, పెద్దావిడని అక్కా అని పిలిచినట్టు.

"ఎక్కడ వేయనిస్తున్నావు తల్లీ! ముప్పై ఏళ్ళు వేశాను. పోయిన వారం శిక్షణలో అందరి ముందూ దులిపేశావుగా, యంత్రం తప్పు చేయదు, మనుషులే చేస్తారని!"

నెరిస్సా నవ్వేసింది. ఆవిడ చీటీ పట్టుకుని, ట్రేలో మందు సీసాలు సర్దుకుని, ఆరో నంబరు మంచం వైపు వెళ్ళిపోయింది.

ఇరుక్కున్న కాగితం లాగి పారేసి, నెరిస్సా తెరకేసి చూసింది. నాలుగు విండోలు పక్కపక్కనే ఉన్నాయి. ఆమె వాటిని మళ్ళీ లెక్కపెట్టింది.

ఆఫీసులో పరీక్షించినన్నాళ్ళూ ఆమె ఒక విండో మూశాకే ఇంకోటి తెరిచేది. లోకమంతా అలాగే చేస్తుందనుకుంది. అందుకే పిల్లల పేర్లు ఏ విండోకి ఆ విండోకి విడిగా అందించినా, బరువు మాత్రం బద్ధకించి అన్నిటికీ కలిపి ఒకే చోట పెట్టింది. చివర ఎవరి విండో తెరిస్తే అక్కడ వాళ్ళ బరువే ఉంటుంది. నాలుగూ తెరిచి పెడితే నలుగురికీ చివరి బిడ్డ బరువుతోనే మోతాదు.

చివర తెరిచింది పదకొండేళ్ళ పిల్లది. ముప్పై రెండు కిలోలు. ఆరో మంచం మీది ఎలియాజర్‌కి ఇంకా ఏడాది నిండలేదు. పక్కనున్న కేసు షీట్లో ఎనిమిది కిలోలని ఉంది. వాడికిచ్చేది ఫిట్స్ ఆపే మందు, నాలుగింతలు పడితే ఊపిరే ఆగిపోతుంది.

తప్పు తనదని బయటపడకుండా ఆపే దారేమైనా ఉందా అని ఒక్క క్షణం వెతికింది. ఛీ, మనిషి బుద్ధి! ఆ తరువాత కుర్చీ తన్నేసి పరుగెత్తింది.

"మనాంగ్! ఆపండి! ఎక్కించొద్దు!"

పిల్లవాడి చేతికున్న గొట్టానికి సిరంజి అప్పటికే తగిలించి ఉంది. ఫెలిసిదాద్ బొటనవేలు దాని మీదే ఉంది. వేలు ఆగింది.

"ఏమైందే?"

"చీటీలో ఉన్నది వీడి బరువు కాదు. ఎనిమిది కిలోలకు వేయండి. చేత్తో."

లెక్క వేస్తూ ఆవిడ పెదవులు కదిలాయి. సిరంజి ఊడదీసి ట్రేలో పడేసింది.

"ఇంత నిండుగా ఉందేమిటా అనుకున్నాను. నిన్ను అడుగుదామనుకుని, మళ్ళీ అందరి ముందూ నవ్వుతావని మానేశాను."

చెంప మీద కొట్టినా నెరిస్సాకు అంత బాధ ఉండేది కాదు. తల దించుకుని వెళ్ళి ముందు కంప్యూటర్ ఆపేసింది. మిగతా ముగ్గురికీ చీటీలు ఇంకా రాలేదని చూసుకుని తిరిగొచ్చింది. అప్పటికి ఫెలిసిదాద్ సరైన మోతాదు ఎక్కించి సిరంజి తీసేస్తోంది.

మంచం పక్క బల్ల మీద కూర్చున్న తల్లి రొసెల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఎవరు చేశారిది?"

ఫెలిసిదాద్ ఏదో సర్దిచెప్పబోయింది. నెరిస్సా అడ్డుపడింది.

"నేనేనమ్మా. ఆ లెక్కలు వేసే ప్రోగ్రాం నాది. నర్సు తప్పేం లేదు. ఇంకొక్క నిమిషం ఆలస్యమై ఉంటే నీ కొడుకు..."

రొసెల్ అరుస్తుందనుకుంది నెరిస్సా, కొడుతుందనుకుంది. రొసెల్ లేచి బల్ల ఖాళీ చేసింది.

"కూర్చో. ఈ మందు పడ్డాక గంటసేపు వాడి ఊపిరి చూస్తూ ఉండాలన్నారు. మూడు రోజులుగా నేను చూస్తున్నా. ఇవాళ నువ్వు చూడు."

నెరిస్సా కూర్చుంది. చిన్న ఛాతీ లేచింది, దిగింది. అది మళ్ళీ లేచేదాకా ఆమె తన ఊపిరి పీల్చలేదు.