ఎదురుకాళ్ళవాడి పెళ్ళాం

మా ఆయన తల్లి కడుపులోంచి కాళ్ళు ముందుపెట్టి బయటకు వచ్చాడట. అందులో ఆయన చేసిన ఘనకార్యం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. నొప్పులన్నీ పడ్డది మా అత్త బక్కమ్మ, పేరు మాత్రం ఆయనకొచ్చింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తంతే పట్టిన నడుము వదులుతుందని మా మోత్కూర్ పక్క ఊళ్ళలో నమ్మకం. ఆదివారం తెల్లవారితే చాలు, నడుము పట్టినవాళ్ళు కొబ్బరికాయ తెచ్చి మా వాకిట్లో బోర్లా పడుకునేవాళ్ళు. ఆయన పంచె ఎగ్గట్టి, దేవుడిలా మొహం పెట్టి తన్నేవాడు.

చైనా యుద్ధానికి ముందు ఏడు నాకు రెండో కాన్పయింది. పురిటి స్నానమైన నాటినుంచి నడుము కింద కుడిపక్కన కొడవలి దూర్చి తిప్పినట్టు నొప్పి. మంచం మీద ఒత్తిగిలితే ప్రాణం పోయేది. నీళ్ళబిందె సంగతి అటుంచి, కుడికాలు గడప దాటేది కాదు. ఇంట్లోనే వైద్యుడున్నాడు కదా! తన్నాడు. ఆదివారం ఆదివారం తన్నాడు. నొప్పి తొడలోకి దిగింది. నేను ఏడిస్తే మా అత్త, "పెరటిచెట్టు మందుకు పనికిరాదంటరు గద! నీకు మొగని మీద నమ్మకం లేదు" అంది. తప్పు కాలుది కాదు, నాది!

చివరకు తేల్చి చెప్పింది. "నాట్లకు వంగకపోతే తల్లిగారింట్ల కూసో. పిల్లలను మేం సాదుకుంటం. నా కొడుక్కు ఇంకో దాన్ని చూస్త." మా ఆయన కాదనలేదు. నాట్లకు ఇంకా కొన్ని నెలలున్నాయి.

సంగతి తెలిసి మా అన్న బండి కట్టి నన్ను ఆలేరు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ అజీజా బేగం సరిగ్గా నొప్పి ఉన్న చోటే వేలుపెట్టి నొక్కింది. కెవ్వుమన్నాను.

"ఎవరన్న తొక్కిన్రా?" అని అడిగింది. చెప్పాను. ఆమెకు నాకంటే కోపమొచ్చింది.

"వెన్ను అడుగు ఎముక, తుంటి ఎముక కలిసే కీలమ్మా ఇది. కాన్పుకు వదులైతది. వదులైనదాన్ని తంతరా? చుట్టున్న కండ గట్టిపడాలె. ఫికర్ చెయ్యకు, జర ఓపిక పట్టు."

వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుమును మెల్లగా పైకెత్తమంది. మోకాళ్ళ మధ్య దిండుపెట్టి నొక్కమంది. చేతులూ మోకాళ్ళూ నేలకానించి, ఒక్కో కాలు వెనక్కి చాపమంది. నొప్పి ఎక్కువైతే ఆపమంది.

వడ్ల అర్రలో తలుపు వేసుకుని చేసేదాన్ని. అత్త సందులోంచి చూసి, "కోడలికి గాలి సోకింది, నాలుగు కాళ్ళ మీద నిలవడ్డది" అని ఊరంతా చాటింది. మా ఆయన ఎగిరిపడ్డాడు.

"ఊరంత నా కాలి కాడికి వస్తాంటే నా పెండ్లానికి దవాఖాన కసరత్తా? నా ఇజ్జత్ పోతాంది!"

నా నడుము పోతే పోనీ, ఆయన కాలి ఇజ్జత్ మిగలాలి! అంతవరకూ ఆయనకు ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు చెప్పాను.

"ఇగ నా మీద కాలు వెడితే మంచిగుండదు."

ఆయన విసురుగా బావి దగ్గరికి పోయాడు. నేను కసరత్తు ఆపలేదు. ముందు మంచం మీద ఒత్తిగిలగలిగాను. తర్వాత బిందె ఎత్తాను. నాట్లనాడు అందరితో పాటు మడిలో దిగి వంగాను. సాయంత్రానికి నొప్పి వచ్చింది, అబద్ధమెందుకు! తెల్లారి మళ్ళీ దిగాను. ఇక నా పిల్లల దగ్గర్నుంచి నన్నెవరూ కదపలేరని మురిసిపోయాను.

అప్పుడు గట్టు మీదినుంచి మా అత్త గొంతు వినిపించింది. "మా ఎల్లస్వామి కాలు మహిమ సూడున్రి! లేవలేని పెండ్లాన్ని లేపి మడిల నిలవెట్టిండు." ఆయన పక్కనే నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. నా ఒళ్ళు భగ్గుమంది. చేతిలోని నారు కట్ట బురదలోకి విసిరికొట్టాను.

ఆ ఆదివారం వాకిలి పట్టనంత జనం. అందరికంటే ముందు మా వాడకట్టులోని సాలమ్మ, చంటిపిల్లతో. "కాన్పయినకాడ్నుంచి గీడనే అన్నా" అంటూ చెయ్యి వెనక్కి పెట్టి చూపింది. నాకు నొప్పి వచ్చిన చోటే. పిల్లను పక్కన పడుకోబెట్టి తను బోర్లా పడుకుంది. ఆయన కాలెత్తాడు.

"దించు" అన్నాను.

ఆయన వినలేదు. నేను చీర గోచీ దోపుకుని వెళ్ళి, అంతమంది మగవాళ్ళ ముందే, సాలమ్మ పక్కన వెల్లకిలా పడుకున్నాను. మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తాను.

"సిగ్గు లేదానే నీకు!" అని అత్త అరిచింది.

"లేదు! నన్ను లేపింది గిదే. నీ కొడుకు కాలు నన్ను కుంటిదాన్ని చేసింది. గా తన్నుతోని నేను నెలలు నెలలు ఏడ్సిన. గీ సాలమ్మను తన్ననియ్య!"

ఎవరో నవ్వారు. సాలమ్మ మాత్రం నవ్వలేదు. మెల్లగా ఇటు పొర్లి, "వదినె, కాళ్ళు ఎంత ఎడంగ వెట్టాలె?" అని అడిగింది. అప్పుడే చంటిది గుక్కపట్టి ఏడవటం మొదలుపెట్టింది.

నేను లేచి దాన్ని ఎత్తుకుపోయి మా ఆయన చేతుల్లో పెట్టాను.

"పట్టుకో. మాకు పనున్నది."