ఎడమ ఫ్లోట్‌లో చప్పుడు

మా అత్తగారు హిల్యా ఆ రెండు ఫ్లోట్లనూ, అంటే విమానం నీళ్ల మీద దిగడానికి చక్రాల బదులు బిగించే బోలు రేకు తెప్పల్ని, పడవల షెడ్డు వెనక బోర్లించి, తార్పాలిన్ కప్పి ఉంచింది. అమ్మమని అడిగితే కాదనేది. పారేయమంటే తార్పాలిన్ ఇంకాస్త బిగించి కట్టేది. మా మామగారు వెయిక్కో విమానం సరస్సులో తిరగబడినప్పుడు నీటిపైన కనిపించినవి అవే. విమానం తలకిందులైనా ఫ్లోట్లు మునగవు, పొట్టలు పైకి పెట్టి తేలుతూనే ఉంటాయి. ఆయన వాటి కింద, నీళ్లలో, సీటు పట్టీతోనే ఉండిపోయాడు. నా భార్య ఐలా అప్పటికింకా నడక నేర్చుకుంటోంది.

పెద్దయ్యాక ఐలా విమానం నడపడం నేర్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు తయారైన గుడ్డ రెక్కల విమానం ఒకటి, రెండు సీట్లది, ఇక్కడే కెనడాలో, మానిటోబా వైపు ఓ రైతు దగ్గర కొంది. అది చక్రాల మీద దిగేది. మా వైపు చక్రాలు ఆనించడానికి నేలెక్కడుంది? ఉన్నదంతా నీళ్లూ రాళ్లూ. దానికి సరిపోయే ఫ్లోట్ల కోసం వసంతమంతా వెతికింది, దొరకలేదు. ఓ ఉదయం అత్తయ్యే తార్పాలిన్ లాగేసి, "మీ నాన్నవి ఉన్నాయిగా, వేసుకో" అంది.

బిగించడానికి ఉర్హో వచ్చాడు. మామగారి స్నేహితుడు, ఆయన విమానానికి ఈ ఫ్లోట్లు బిగించిందీ అతనే. మొదట రానన్నాడట. వచ్చాక మాత్రం చెయ్యి ఆగలేదు. దుంగలు నిలబెట్టి గొలుసు కప్పీతో విమానాన్ని లేపాం. చక్రాలు ఊడదీసి, ఫ్లోట్లను కిందికి తోసి, కడ్డీలు బిగించి, తీగలు సరిచూశాం. ఫ్లోట్లు ముందువైపు గాలి పట్టుకుంటే తోక పక్కకి జారుతుందని దాని కింద చిన్న రెక్క కూడా తగిలించాడు. ఫ్లోట్లలోని ఒక్కో అరలో నీళ్లు పోసి కారడం లేదని చూసుకుని, ఆ నీళ్లు తోడేసి తుడిచాకే సరస్సులోకి దింపనిచ్చాడు.

గాలి లేదు. నీళ్లు కదలడం లేదు. విమానాన్ని తాడుతో కట్టేస్తుండగా ఎడమ ఫ్లోట్‌లోంచి చప్పుడు వచ్చింది. ఎవరో లోపలినుంచి పిడికిలితో కొడుతున్నట్టు, ఆగి ఆగి. ఉర్హో మూత విప్పి చూశాడు. పొడిగా, ఖాళీగా ఉంది. మూత పెట్టగానే మళ్లీ మొదలైంది. అతను పనిముట్లు కింద పెట్టేశాడు.

కాఫీ, తీపి రొట్టె తెస్తున్న అత్తయ్య మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

"ఉర్హో, నువ్వు ఆ రోజు విన్నది ఇదేనా?"

విమానం నీళ్లని తాకగానే వెయిక్కోకి మెడ విరిగిందనీ, బాధ తెలియకుండా పోయాడనీ అతను ఇన్నేళ్లూ అందరికీ చెబుతూ వచ్చాడు. ఇప్పుడు ఆవిడ దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఇదే వదినా. మేం పడవలో వెళ్లేసరికి ఇంకా కొడుతున్నాడు. ఆ చప్పుడు కడ్డీల్లోంచి ఎక్కి రేకులో మోగుతోంది. విమానాన్ని తిప్పడానికి చూశాం, మావల్ల కాలేదు. తర్వాత ఆగిపోయింది. నీకెలా చెప్పను?"

"చెప్పేదేముంది? ఒడ్డున ఉన్నాగా. నీళ్ల మీద ఏ చప్పుడైనా వినపడుతుంది. నాకు తెలుసంటే నువ్వు తట్టుకోలేవని ఊరుకున్నా."

ఐలాకి ఇదేదీ తెలియదు. రెంచీ అందుకుని, ఇప్పుడే ఊడదీసేద్దామంది. వాళ్లమ్మ ఆ రెంచీ లాక్కుంది.

"తీసేస్తే ఇంకెక్కడ కొడతాడే? రేపు నన్ను మీ నాన్న మునిగిన చోటికి తీసుకెళ్లు."

ఆయన పోయాక అత్తయ్య విమానం ఎక్కలేదు. మర్నాడు కోటు బొత్తాలన్నీ పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ఫ్లోట్లు నీటిని చీల్చుకుంటూ పోయి, వదిలించుకుని, పైకి లేచాయి.

అక్కడ జరిగింది ఐలా చెప్పింది. నీళ్ల మీద దిగి ఇంజన్ ఆపాక అత్తయ్య ఫ్లోట్ మీదికి దిగి కూర్చుంది. పాదాలు నీళ్లలో పెట్టింది. ఏడవలేదు. ఇంటి కబుర్లు మొదలుపెట్టింది. కప్పు మార్చామనీ, మీ కుక్క ముసలిదై పోయిందనీ, అల్లుడు మంచివాడే కానీ కట్టెలు పేర్చడం రాదనీ. మధ్యలో ఆగితే కింద నుంచి చిన్నగా ఒక దెబ్బ వినిపించేదట. వింటున్నాడనుకుని ఆవిడ మళ్లీ అందుకునేదట. గాలి వాళ్లని రెల్లుగడ్డిలోకి నెట్టేదాకా అలాగే చెబుతూ పోయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లేవారు. నన్నెప్పుడూ రమ్మనలేదు, నేనూ అడగలేదు. ఇంజన్ పని ఉందంటే ఉర్హో వచ్చేవాడు. ఎడమ ఫ్లోట్ దగ్గరికి మాత్రం అతను వచ్చేవాడు కాదు, అటు నేనే నిలబడాల్సి వచ్చేది.